నా నోటుబుక్కు రెండు గంటలంటుంది, ఫోన్ ఆరు గంటలంటుంది

తూనీగ
తొమ్మిది రోజుల నుంచి రోజూ ఏం చూస్తున్నానో, ఏం వింటున్నానో, ఏం చదువుతున్నానో ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే మొదలుపెట్టా. సాయంత్రం నుంచి పడుకునేదాకా ఏం చేశావని అడిగితే చెప్పడానికి ఒక్కటీ గుర్తురాని రోజులు ఎక్కువైపోయాయి, అందుకని. మూడు గడులు గీసుకున్నా: ఎప్పుడు, ఏమిటి, ఎంతసేపు.

నిన్న రాత్రి కూడి చూస్తే సగటున రోజుకి 2 గంటల 20 నిమిషాలు వచ్చింది. పర్వాలేదే అనుకున్నా. సరదాకి ఫోన్‌లో స్క్రీన్ టైమ్ తెరిచా. అవే తొమ్మిది రోజులకి సగటు 5 గంటల 50 నిమిషాలు!

నేను అబద్ధం రాయలేదండీ. మొన్న మంగళవారం పేజీలో "9.30 – వార్తలు – 20 ని." అని నా చేతిరాతే ఉంది. ఫోన్‌లో చూస్తే ఆ రాత్రి 9.30 నుంచి 11 దాకా గ్రాఫ్‌లో సందే లేదు. మిగతా గంటా పది నిమిషాలు ఏం చూశానో ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు.

ఏది నమ్మాలి? ఈ రాత కొనసాగించడం దండగా? ఫోన్ అవతల పారెయ్యమనే సలహాలు మాత్రం వద్దు, అవి విని విని ఉన్నాను.

గోడమీద_పిల్లి
నోటుబుక్కు నీ తరఫు వకీలు. ఫోన్ కళ్లారా చూసిన సాక్షి. తీర్పు నువ్వే చెప్పుకో.

లెక్కల_మాస్టారు
ఆ సాక్షి కూడా అంత సత్యహరిశ్చంద్రుడేం కాదు పిల్లిగారూ.

తూనీగ గారూ, ముందు ఫోన్ దేన్ని లెక్కేస్తుందో చూడండి. తెర వెలిగి ఉన్నప్పుడు ఏ యాప్ ముందుంటే దాని ఖాతాలో సమయం పడుతుంది. మీరు చూస్తున్నారో, బల్ల మీద పెట్టి పక్కగదికి వెళ్లారో దానికి తెలియదు. మ్యాప్ పెట్టుకుని గంట బండి నడిపితే ఆ గంటా లెక్కలోకే. ఐఫోన్‌లో పరికరాలన్నిటికీ కలిపి చూపించే మీట ఒకటుంది, అది ఆన్‌లో ఉంటే అదే ఖాతాతో నడిచే టాబ్లెట్, కంప్యూటర్ కూడా వచ్చి చేరతాయి. ఇటు తిరగేస్తే, తెర ఆర్పేసి చెవిలో పెట్టుకుని విన్నది స్క్రీన్ టైమ్‌లో కనపడదు. అది కావాలంటే బ్యాటరీ పేజీలో చూడాలి, అక్కడ ఒక్కో యాప్ తెర మీద ఎంతసేపుందో, వెనకాల ఎంతసేపు నడిచిందో విడివిడిగా ఉంటుంది.

ఇక నోటుబుక్కు. మీరు అబద్ధం రాయలేదంటే నమ్ముతాను. 2015లో ప్లాస్ వన్ పత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. 23 మంది, రెండు వారాలు. సగటున రోజుకి ఐదు గంటలు, 85 సార్లు ఫోన్ వాడారు. ఎంతసేపు అన్నది ఏదో ఉజ్జాయింపుగా చెప్పగలిగారు కానీ, ఎన్నిసార్లు అంటే అసలులో సగమే చెప్పారు. ఎందుకంటే ఆ వాడకాల్లో సగానికి పైగా అర నిమిషం లోపువే. అర నిమిషం పనిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? 23 మందితో లోకమంతటికీ తీర్పు చెప్పలేం, ఒప్పుకుంటా. కానీ 2021లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ఇలాంటివి చాలా అధ్యయనాలు కలిపి చూశారు. జనం చెప్పినదానికీ పరికరం నమోదు చేసినదానికీ సహసంబంధం 0.38 తేలింది.

కొత్తచెప్పులు
ఆ 0.38ని మాలాంటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పు మాస్టారూ.

లెక్కల_మాస్టారు
రెండూ అచ్చంగా ఒకదాని వెంట ఒకటి నడిస్తే 1. అసలు పొంతనే లేకపోతే 0. ఎక్కువ చూసేవాళ్లు మొత్తం మీద ఎక్కువే చెప్తారు, తక్కువ చూసేవాళ్లు తక్కువ చెప్తారు, అంతవరకే. అంకె పట్టుకుని కూర్చుంటే మాత్రం కాకిలెక్కే.

తూనీగ
ఇప్పుడే చూశా. మా టాబ్లెట్ కూడా కలిసి ఉంది, అది పూర్తిగా పిల్లవాడి చేతిలోనే ఉంటుంది. అది తీసేస్తే 4 గంటల 35 నిమిషాలు. మ్యాప్ రోజుకి అరగంట. అంటే నాది నాలుగు గంటల చిల్లర. ప్రాణం కాస్త కుదుటపడింది.

గోడమీద_పిల్లి
పిల్లవాడి నెత్తిన గంటంబావు, రోడ్డు నెత్తిన అరగంట. వకీలు బాగానే వాదిస్తున్నాడు.

రేడియో_చెవులు
నా స్క్రీన్ టైమ్ 50 నిమిషాలు. చప్పట్లు కొట్టొద్దు, పూర్తిగా వినండి. మాస్టారు చెప్పిన బ్యాటరీ పేజీ తెరిచి చూశా. వెనకాల నడిచినది 8 గంటల 40 నిమిషాలు. పొద్దున లేవగానే చెవిలో పెడితే మళ్లీ పడుకునేటప్పుడే తీసేది. వంట చేస్తూ, నడుస్తూ, స్నానానికి వెళ్తూ కూడా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండాలి. మొన్న చార్జింగ్ అయిపోయి పది నిమిషాలు ఏమీ లేకుండా నడవాల్సి వచ్చింది. చెప్తే నవ్వుతారు, కాస్త భయమేసింది. నా బుర్రలో నా మాటలు విని ఎంత కాలమైందో.

కాబట్టి తెరనే పట్టుకు వేలాడకండి. నోటుబుక్కులో చెవులకీ ఒక గడి పెట్టండి.

చేదుమాత్ర
నేను ఒప్పుకోను. పాటలు వింటూ పనిచేసుకుంటే దాన్ని కూడా తప్పుల జాబితాలో వేస్తారా? మనిషి మాట వింటే తప్పు, చదివితే తప్పు, చూస్తే తప్పు. పక్క ఊళ్లో ఉన్న అమ్మతో గంట వీడియో కాల్ మాట్లాడితే అదీ స్క్రీన్ టైమే. ఫోన్‌లో నవల చదివితే స్క్రీన్ టైమ్, అదే నవల కాగితం మీద చదివితే సంస్కారం. ఏం లెక్క ఇది?

ఇంకో మాట. నేను నాలుగు నెలలు స్ప్రెడ్‌షీట్‌లో ఇవన్నీ ఎక్కించాను. వార్తలకి నీలం, వీడియోలకి ఎరుపు, చదువుకి ఆకుపచ్చ. వారానికొక చార్టు. చివరికి తేలిందేమిటంటే ఆ షీట్‌కే రోజుకి 40 నిమిషాలు పోతోంది. పైగా ఆకుపచ్చ పెంచాలని రాత్రి పదకొండుకి అర్థంకాని వ్యాసాలు తెరిచి కిందికి జరుపుతూ కూర్చునేదాన్ని. ఒక కొలతనే గురిగా పెట్టుకుంటే అది కొలతగా పనికిరాదనే సూత్రానికి గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త పేరు పెట్టారు, 1975లో డబ్బు విధానం గురించి రాస్తూ ఆయన అన్న మాటలోంచి పుట్టింది అది. నా ఆకుపచ్చ గడులకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

కొత్తచెప్పులు
ఆకుపచ్చ కోసం వ్యాసాలు తెరిచి పెట్టడం! అక్కా, నేను నడక అంకె పెరగడానికి ఫోన్ చేత్తో ఊపిన మనిషిని. మనిద్దరం ఒకే బడి.

రాత్రి_డ్యూటీ
మాకు అసలు లెక్కే కుదరదు. నాకు రాత్రి షిఫ్టు. ఫోన్‌కి రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. నా రోజు మధ్యాహ్నం మూడుకి మొదలై మర్నాడు పొద్దున ఎనిమిదికి ముగుస్తుంది. ఒకే మెలకువని అది రెండు ముక్కలు చేసి రెండు తేదీల్లో వేస్తుంది. సెలవు రోజు బాగా చూశానని మందలించింది, ఆ రోజు నేను ముందు రోజు డ్యూటీలోంచి ఇంకా బయటికే రాలేదు. నోటుబుక్కు అయితే నేను లేచినప్పుడు కొత్త పేజీ. తూనీగ గారూ, ఆ ఒక్క కారణానికైనా కాగితం వదలకండి.

అర్ధరాత్రి_పాట
గంటలు వదిలెయ్యండి. ఫోన్ ఎన్నిసార్లు ఎత్తారో, ఎత్తగానే మొదట ఏ యాప్ తెరిచారో చూడండి. ఐఫోన్‌లో అది ఒక జాబితాగా ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో అన్‌లాక్‌ల సంఖ్య కనపడుతుంది. నన్ను కుదిపింది ఆ జాబితానే.

ఆదివారం నా మీద నేనే నిఘా పెట్టుకున్నా. మధ్యాహ్నం టైమ్ ఎంతైందో చూద్దామని ఫోన్ ఎత్తా. తాళం తెర మీద గడియారం ఇంతలావున ఉంటుంది కదా, దాని కిందే ఎవరో గ్రూప్‌లో ఫోటో పెట్టారని ఒక గీత. వేలు దాని మీదకి పోయింది. ఫోటో చూశా, కింద ఎవరో నవ్వితే నేనూ నవ్వు పెట్టా. వెనక్కి రాబోతే అక్కడ ఒక లింకు. పాత బావిని శుభ్రం చేస్తున్న వీడియో. అది అయ్యేలోపు ఇంకో బావి. ఫోన్ పక్కన పెట్టి లేచా. నాలుగు అడుగులు వేశాక గుర్తొచ్చింది, టైమ్ ఎంతో చూడలేదు. మళ్లీ ఎత్తా.

పన్నెండు నిమిషాలు. రెండు బావులు. ఆ రోజు మొత్తం 94 సార్లు ఎత్తా. ఎత్తగానే మొదట తెరిచినది అరవై సార్లకి పైగా ఒకే యాప్.

గోడమీద_పిల్లి
ఇంతకీ టైమ్ ఎంతైంది?

అర్ధరాత్రి_పాట
రెండోసారి కూడా చూడలేదు పిల్లీ. నిజంగా. మూడో బావి వచ్చింది.

పాతకాపు
చేతికి గడియారం కట్టుకోవయ్యా బాబూ. నేను నిరుడు అదే చేశా. మాట్లాడే గడియారం, చప్పుడు చేసే గడియారం కాదు, ముళ్లున్నది. ఎత్తడాలు మూడో వంతు తగ్గాయి. నియంత్రణ, నిగ్రహం అంటూ పెద్ద మాటలేం లేవు, ఎత్తే సాకు ఒకటి పోయింది అంతే. పడకగదిలోకి అలారం గడియారం కూడా తెచ్చా.

తూనీగ
నావి 71 ఎత్తడాలు. నోటుబుక్కులో మాత్రం రోజుకి ఆరేడు వరసలే ఉన్నాయి. అంటే కూర్చుని తీరిగ్గా చూసినవి మాత్రమే రాశానన్నమాట. నిలబడి చూసినవి, లిఫ్టులో చూసినవి, అన్నం ఉడికేలోపు చూసినవి నా దృష్టిలో చూడడమే కాదు.

లెక్కల_మాస్టారు
ఇది మీ ఒక్కరి తప్పు కాదు. అమెరికాలో టీవీ రేటింగుల కోసం నీల్సన్ సంస్థ దశాబ్దాల పాటు ఇళ్లకి కాగితం డైరీలు పంపేది, ఏ కార్యక్రమం చూశారో రాసి పంపమని. చాలామంది వారమంతా ఊరుకుని చివరి రోజు గుర్తున్నంత మేరకు నింపేస్తారని ఆ పద్ధతి మీద ఎప్పుడూ ఫిర్యాదే. గుర్తుండేది పేరున్న కార్యక్రమం. చానెళ్లు మారుస్తూ గడిపిన అరగంట ఎవరి డైరీలోకీ ఎక్కదు. మీ "వార్తలు – 20 ని." కూడా అలాంటిదే. వార్తలకి పేరుంది. తర్వాతి గంటా పది నిమిషాలకి పేరు లేదు.

సగం_చదివిన_పుస్తకం
పేరు లేకపోవడానికి కారణం అది ఎక్కడా ఆగకపోవడం. దినపత్రికకి ఆఖరి పేజీ ఉంటుంది, పుస్తకానికి అధ్యాయం ముగుస్తుంది. కిందికి జరిపేకొద్దీ ఇంకా వస్తూనే ఉండే తెరని 2006లో తయారుచేసిన వాళ్లలో డిజైనర్ ఏజా రాస్కిన్ పేరు ముందు చెప్తారు, తర్వాత ఆయనే దాని గురించి పశ్చాత్తాపపడ్డారు. ఆగే చోటు తీసేస్తే మనిషి "ఇక్కడితో అయింది" అని రాసుకోవడానికి చోటే ఉండదు.

చేదుమాత్ర
ఎవరో తయారుచేశారు కాబట్టి నా తప్పేం లేదు అనడం కూడా సుఖంగానే ఉంటుంది.

సగం_చదివిన_పుస్తకం
తప్పు మీదని ఎవరన్నారు? గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవడం ఎందుకు?

చేదుమాత్ర
తడుముకున్నా. ఎరుపు గడులు గుర్తొచ్చాయి.

నాన్నకుట్టి
మా అమ్మాయికి పదేళ్లు. బడిలో ఇంట్లోవాళ్లు టీవీ, ఫోన్, పుస్తకం, రేడియో ఎంతసేపు వాడతారో ఒక రోజు రాసుకురమ్మన్నారు. ఆదివారం పొద్దున్నించి పెన్సిల్ పట్టుకుని నా వెనకే తిరిగింది. నిమిషాలు లెక్కపెట్టడం కష్టమై తన సొంత పద్ధతి కనిపెట్టింది. సాయంత్రం కాగితం చూపించింది. అమ్మ పేరు కింద ఏవో గీతలు. నా పేరు కింద "ఫోన్ చూస్తూ ఊఁ అన్నది" అని శీర్షిక, దాని కింద ఐదేసి గీతల కట్టలు. మొత్తం 31.

ఏ యాప్ కూడా నాకు ఆ లెక్క చెప్పలేదు. కాగితం బడికి పంపించాం, మార్చమని అడగలేదు.

రేడియో_చెవులు
31 ఊఁలు. ఈ చర్చలో ఇదే అసలైన అంకె.

కొత్తచెప్పులు
నాకు గంట పరిమితి పెట్టుకునే అలవాటుంది. గంట కాగానే తెర బూడిదరంగు అవుతుంది, "15 నిమిషాల తర్వాత గుర్తుచెయ్యి" అని మీట వస్తుంది. నేను దాన్ని ఎంత వేగంగా నొక్కుతానంటే, తెర బూడిదరంగు అయిందని కూడా గమనించను. దొంగ చేతికే తాళాలిచ్చి కాపలా పెట్టినట్టుంది. పాస్‌కోడ్ బావగారిని పెట్టమన్నా. నాలుగో రోజు ఆయన విసిగిపోయి కోడ్ చెప్పేశారు.

పాతకాపు
బావగారి స్క్రీన్ టైమ్ నీకు కోడ్ కొట్టడానికే సరిపోయి ఉంటుంది.

లెక్కల_మాస్టారు
తూనీగ గారూ, ఒక్కటి చూడండి. నోటుబుక్కు మొదలుపెట్టక ముందు వారాల సగటు ఫోన్‌లో ఉంటుంది. అదెంత? గమనిస్తున్నారని తెలిస్తే మనిషి తీరు మారుతుందని చెప్పడానికి 1920లలో చికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీ ప్రయోగాలనే అందరూ ఉదహరిస్తారు. ఆ పాత లెక్కలు అంత గట్టివి కావని తర్వాత వచ్చినవాళ్లు తేల్చారనుకోండి. అయినా మీ ఇంట్లో ప్రయోగం మీ చేతిలోనే ఉంది.

తూనీగ
చూశా. టాబ్లెట్ తీసేసి చూస్తే అంతకు ముందు మూడు వారాలు 5 గంటల 20. రాస్తున్న తొమ్మిది రోజులు 4.35. అంటే తప్పుడు లెక్కలు రాస్తూ కూడా ముప్పావుగంట తగ్గిందా!

అర్ధరాత్రి_పాట
తగ్గింది సరే. "ఎంతసేపు" గడి కొట్టేసి చూడండి. అది ఫోన్ రాసుకుంటుంది, తప్పో ఒప్పో దాని చావు అది చస్తుంది. దానికి తెలియనివి రెండున్నాయి: ఎత్తే ముందు మీరు ఏం చేస్తున్నారు, పక్కన పెట్టాక ఎలా ఉంది. ఒక్కొక్క మాట చాలు. నా బావుల రోజు రాస్తే: ముందు "గిన్నెలు", తర్వాత "మెడ నొప్పి".

చేదుమాత్ర
71 సార్లూ రాయాలంటే మళ్లీ నా స్ప్రెడ్‌షీట్ కథే అవుతుంది. రోజుకి ఏవైనా ఐదు రాయండి. అందరికీ కోపం రాకపోతే చెప్తాను, అమ్మతో వీడియో కాల్ కూడా అందులో ఒకటిగా రాయండి. దాని "తర్వాత" గడి చదువుకోవడానికి బాగుంటుంది.

కొత్తచెప్పులు
ఈ చర్చ మొత్తం చదవడానికి 35 నిమిషాలు పట్టింది. ఏ రంగు వెయ్యాలి అక్కా?

చేదుమాత్ర
ఆకుపచ్చే. ఆఖరిసారి.

తూనీగ
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా. చేదుమాత్ర గారి మాట ప్రకారం రోజుకి ఐదే రాశాను. ఉన్నదున్నట్టు కొన్ని ఇక్కడ పెడుతున్నా, వరస తేదీలు కావు.

ముందు: ఆఫీసు మెయిల్ కి జవాబు తోచలేదు. చూసింది: చిన్న వీడియోలు. తర్వాత: మెయిల్ అలాగే ఉంది.
ముందు: అక్కతో మాట పట్టింపు. చూసింది: వార్తలు. తర్వాత: లోకం మీద కోపం, అక్క సంగతి మర్చిపోయా.
ముందు: ఏం లేదు. చూసింది: గుర్తు లేదు. తర్వాత: ఏం లేదు.
ముందు: నిద్ర రావట్లేదు. విన్నది: పాత నాటకం, రేడియోలో. తర్వాత: సగంలో పడుకున్నా.
ముందు: ఆఫీసు మెయిల్. చూసింది: వాన రాడార్ బొమ్మ. తర్వాత: వాన లేదు, మెయిల్ ఉంది.

అరవై వరసల్లో పందొమ్మిదింటికి "ముందు" ఒకటే. ఆ మెయిల్. పోయిన శుక్రవారం జవాబు రాసి పంపేశా, నాలుగు వాక్యాలు. సమయం పెద్దగా తగ్గలేదు, 4 గంటల 10. ఎత్తడాలు 71 నుంచి 52.

ఇంకొకటి. ఆ మంగళవారం గంటా పది నిమిషాలు మనసులోంచి పోలేదు. వీడియో యాప్‌లో చూసినవాటి చరిత్ర పేజీ ఉంటుందని ఇక్కడెవరూ చెప్పలేదేం? నిన్న తెరిచా. ఆ రాత్రివి 46 వీడియోలున్నాయి వరసగా. ఒక్కటీ గుర్తు రాలేదు. వాటిలో మూడింటికి లైక్ కొట్టి ఉన్నాను.

సగం_చదివిన_పుస్తకం
నేను ఆ చరిత్ర ఆపేసి రెండేళ్లయింది. యూట్యూబ్‌లో అది ఆపేస్తే మొదటి పేజీలో సిఫారసులు రావు, ఖాళీ తెర. 2023 నుంచి అలా చేశారు. వెతుక్కుంటేనే వస్తుంది. ప్రాణం హాయిగా ఉంది.

తూనీగ
ఆపేద్దామనే అనుకున్నా. కానీ ఆపితే ఇంకో మంగళవారం పోతే ఎక్కడ వెతుక్కోను? ప్రస్తుతానికి ఉంచా.

గోడమీద_పిల్లి
ఆ లైక్ కొట్టిన మూడూ ఏమిటో?

తూనీగ
ఒకటి విరిగిన కుర్చీకి కాలు అతికించడం. ఒకటి కుక్కపిల్ల. మూడోది పాత బావి శుభ్రం చేయడం.

అర్ధరాత్రి_పాట
ఏ బావి? గట్టు మీద నీలం బకెట్ ఉన్నదా?